తిరగేసి వేసిన తీగలు

అన్నయ్యా,

నాన్న గిటారు నా మంచం మీద ఉంది. కిటికీ తెరవకు, ఎండ తగిలితే అతుకు విడిపోతుంది.

ఏళ్ల తరబడి దాన్ని అటక మీద పాడుపెట్టావు. నేను అడిగితే, "పుర్రచేతిదానికి గిటారెందుకే?" అని అందరి ముందూ నవ్వావు. పగిలిన చెక్క అతికించాను, వంగిన మెడ సరిచేశాను. కొత్త తీగలు మాత్రం నా ఎడమచేతి వాటానికి తిరగేసి వేశాను. అవి ఆనే గాట్లు కూడా అలాగే చెక్కాను, మార్చుకుందామని చూడకు.

సాయంత్రం నీ స్నేహితులకి వాయించి వినిపిస్తానని గొప్పలు పోయావటగా. వినిపించు.

చెల్లి

తా.క. మరీ పరువు పోయేలా ఉంటే ఫోన్ చెయ్యి. వచ్చి నేనే వాయిస్తాను, నువ్వు వాళ్లకి టీలు అందిద్దువుగాని.