గణితంలో ఎనిమిది

తెనాలి,
13 జూన్ 1967

ప్రియమైన దేవసహాయానికి,

మలయా నుంచి వచ్చి మూడు నెలలైంది. సీతారావమ్మ లేకుండా వచ్చాను. ఆ సంగతి నీకు తెలుసు. మళ్ళీ రాయను.

నిన్న మా హైమావతి పి.యు.సి. దరఖాస్తు ఇవ్వడానికి బాపట్ల, మీ కాలేజీకి వచ్చాం. నువ్వు రేపల్లె వెళ్ళావన్నారు. గుమాస్తా చలపతిరావు, హైమ మలయాలో రాసిన కేంబ్రిడ్జి పరీక్ష ఫలితాల చీటీ చూసి నవ్వాడు. ఇంగ్లీషు ఒకటి, చరిత్ర ఒకటి, సైన్సు రెండు, గణితం ఎనిమిది.

"ఒకటీ రెండూ మార్కులతో కాలేజీ ఏంటండి? ఈ లెక్కలొక్కటే కాస్త నయం" అన్నాడు.

ఒకటంటే అన్నిటికన్నా మేలు, తొమ్మిదంటే తప్పినట్టు అని చెప్పాను.

"అయితే సున్నా వస్తే కలెక్టర్ని చేస్తారేంటండి?"

వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. హైమ నా పక్కనే ఉంది. 'మార్కులు చాలవు' అని ఎర్రసిరాతో రాసి దరఖాస్తు తిరిగిచ్చాడు. పదకొండేళ్ళ చదువును నిమిషంలో కొట్టేశాడు.

గడువు ముప్పయ్యో తేదీ. నువ్వు అక్కడే పాఠాలు చెబుతున్నవాడివి. ఏం చేయాలో రాయి.

నీ
పూర్ణచంద్రరావు

రేపల్లె,
15 జూన్

ప్రియమైన పూర్ణా,

నీ ఉత్తరం చదివి నాకూ ఒళ్ళు మండింది. కానీ చలపతిరావు వందకిన్ని అన్న లెక్క తప్ప మరొకటి ఎరగడురా. ఆ అంకెల అర్థమేమిటో, ఆ పరీక్ష మన స్కూలు ఫైనలుతో సమానమో కాదో విశ్వవిద్యాలయం రాసివ్వాలి. చీటీ నకలు పంపు. నేనే పట్టుకెళ్తా.

ఒకటి అడగనా? అన్నిట్లో ఒకటీ రెండూ తెచ్చుకున్న పిల్లకి గణితంలో ఎనిమిదేంటి?

ఎప్పటికీ నీ
దేవం

తెనాలి,
17 జూన్

ప్రియమైన దేవసహాయానికి,

నకలు పంపుతున్నాను. ఎనిమిది గురించి అడిగావు. ఎనిమిదీ ఉత్తీర్ణతే. అంతకుమించి చెప్పాలని లేదు.

పూర్ణచంద్రరావు

బాపట్ల,
26 జూన్

ప్రియమైన పూర్ణా,

విశ్వవిద్యాలయం నుంచి కాగితం వచ్చింది. ప్రిన్సిపాలు ఒప్పుకున్నారు. హైమకు సీటు ఉంది. కొత్త దరఖాస్తు పంపుతున్నాను. అందులో 'తక్కువ ఫలితానికి కారణం' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే సీటు వేరేవాళ్ళకి పోతుంది. కోపంతో వదిలేయకురా. అమ్మకు ఒంట్లో బాగాలేదు, రేపు మళ్ళీ రేపల్లె వెళ్తున్నా.

నీ మేలు కోరే
దేవం

తెనాలి,
29 జూన్

ప్రియమైన దేవసహాయానికి,

నిన్న బాపట్ల వెళ్ళాం. ఆ గడి నింపనని రైలెక్కేటప్పుడే హైమతో చెప్పాను. ఇంట్లో జరిగిన చావును చూపించి సీటు అడుక్కోవాలా? హైమ నా చేతిలోంచి కలం తీసుకుని తనే రాసింది: 'అమ్మ పోయిన మర్నాడు ఉదయం ఈ గణితం పరీక్ష రాశాను. మధ్యాహ్నం దహనం.'

నీకు రాయలేకపోయింది ఇదే. ఏం జరిగినా పరీక్ష మానొద్దని సీత ముందే దానిచేత ఒట్టు వేయించుకుంది.

చలపతిరావు చదివాడు. ఈసారి నవ్వలేదు. రసీదు ఇచ్చి, "సోమవారం నుంచి క్లాసులమ్మా" అన్నాడు.

నా కోపం తగ్గలేదు. 'లెక్కలొక్కటే నయం' అన్న మాట గుర్తొచ్చి, తిరిగొస్తూ స్టేషన్లో హైమ దగ్గర అతన్ని గట్టిగానే తిట్టాను.

"తిట్టకండి నాన్నా" అంది హైమ. "ఆయన అన్నది నిజమే. అన్నిట్లోకీ నేను కష్టపడి రాసింది అదొక్కటే."

అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందో రాయి.

నీ
పూర్ణ