నిలబెట్టిన బండలు

తాండూరు,
జనవరి 28

బామ్మర్ది శివశంకర్‌కు,

పదకొండేళ్ల కింద మన ఊరి పాత దర్వాజ కమాను ముందర, పదిమంది వింటుండగా నువ్వు నన్నొక మాట అన్నావు. "బావా, నీకు సంతకం రాదు. నాకు రాయి సంగతి చెప్తవా?" నీ గుమాస్తా మల్లేశ్వర్ పక్కున నవ్వాడు కూడా. ఆ మరునాటి నుంచే అక్షరాలు దిద్దాను. కమాను పని అయిపోయినాక నీ గడప తొక్కలేదు. ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను. మనవరాలు సహస్ర రాసిస్తానంటే వద్దన్నాను. ఫోను చేయొచ్చు కదా అంటావేమో, ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు. కాగితమైతే నోరు మూసుకొని చదవాల్సిందే.

ఆ రోజు నేను చెప్పిందేమిటి? మన తాండూరు బండ భూమిలో పొర మీద పొర పడుకొని ఉంటుంది. గోడలో కూడా అట్లాగే పడుకోబెట్టాలి. నిలబెట్టి అతికిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. నువ్వు వినలేదు. కంట్రాక్టు నీది, మాట నీది, చేతులు మాత్రమే నావి. నాలుగొందల ఏండ్ల కమానుకు నున్నటి బండలు నిలువుగా నాతో అతికింపజేసి పెండ్లి మంటపం లెక్క మెరిపించావు. మొన్నటి వానలకు రెండు ఊడిపడ్డాయి. ఒకటి కమాను కింద పూలమ్మే బుగ్గమ్మ బుట్ట మీద పడింది. ఆమె అప్పుడే నీళ్లు తాగడానికి లేచింది కాబట్టి బతికింది.

ఇప్పుడు ఊరి కమిటీ వాళ్లు కమాను కూలిపోతున్నదని సర్కారుకు రాసిచ్చారు. దాన్ని, పక్కన బురుజులను, కావలి వాళ్లుండే అర్రలను, పాత అంగళ్ల వరుసను అన్నిటినీ తీసేసి రోడ్డు వెడల్పు చేయాలట. ఫిబ్రవరి ఇరవయ్యో తారీఖున హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీరు చూడటానికి వస్తున్నాడు. కమానుకు ఏ రోగమూ లేదు శంకర్. రోగం మనం తొడిగిన అంగీది.

నా బిడ్డ వందన పాత కట్టడాల పని నేర్చుకోవడానికి ఇటలీ పోయింది కదా. అక్కడి ఒక పట్నం దర్వాజ ఫోటో పంపింది. ఐదొందల ఏండ్లదట. రెండు పక్కల స్తంభాలు, పైన రాతి బొమ్మలు, లోపల కావలి వాళ్ల గదులు, చుట్టూ అప్పటి ఇండ్లే. పెద్దగా చేసి చూశాను, ప్రతి రాయీ పడుకొనే ఉంది. కార్లు దాన్ని చుట్టి పోతున్నాయి. అక్కడ రోడ్డు వంగింది, దర్వాజ వంగలేదు. మనకేం తక్కువ?

ఇరవయ్యో తారీఖున నువ్వు వచ్చి ఇంజనీరు ముందర ఒక్క మాట చెప్పాలి. "తప్పు కమానుది కాదు, నాది" అని.

నీ బావ,
కైలాసం
(సంతకం నాదే)

తాండూరు,
ఫిబ్రవరి 9

శంకర్,

నీ జవాబు అందింది. నాలుగు పేజీల తిట్లు వస్తాయనుకున్నాను. నాలుగే లైన్లు. "బావా, నిలబెట్టుమన్నది నేనే, ఒప్పుకుంట. గానీ బండకు రెండు చొప్పున ఎనక ఉక్కు కొక్కేలు బిగించమని సంచి నిండ ఇచ్చిన గద. అవి ఉంటే ఇంకో నలభై ఏండ్లయినా ఊడేటివి కావు. పెట్టినవా?"

మీ అక్క పుష్పమ్మ అడిగింది. "ఏం రాసిండు మా తమ్ముడు? పండ్లు నూరుతున్నవ్, ఉన్నయే ఆరు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పెట్టలేదు. ఆ కొక్కేల సంచి నా పనిముట్ల పెట్టె అడుగున ఉంది, మూతి కూడా విప్పలేదు. బండలు ఊడాలి, వికారాబాదు దాకా నీ పరువు పోవాలి, నేను చెప్పిందే నిజమని తేలాలి. అదే నా కడుపులో ఉన్నది. బండ పడ్డదని విని ఆ రోజు నవ్వుకుంటూ చూడటానికి పోయాను. చితికిన పూల కింద బుగ్గమ్మ కూర్చునే గోనెపట్టా కనపడ్డది. నవ్వు ఆగిపోయింది. అప్పుడు కూడా తప్పు నీ మీదనే వేసి ఇంటికొచ్చాను.

వందన నిన్న ఫోనులో ఒక సంగతి చెప్పింది. ఆ దర్వాజకు కొత్త రాయి వేసిన చోట దాన్ని పాతదానిలో కలిపేయరట. "ఏది పాతది, ఏది మనం పెట్టింది చూసెటోళ్లకు తెల్వాలె బాపూ. లేకుంటే గోడ అబద్ధమాడినట్టు." నేను పనిముట్ల పెట్టె దిక్కు చూస్తున్నాను. "బాపూ, లైనుల ఉన్నవా?" అని రెండుసార్లు అడిగింది.

కాబట్టి విను. నిలబెట్టడం నీ తప్పు, నేను మాఫ్ చేయను. కొక్కేలు నా తప్పు, నువ్వూ మాఫ్ చేయొద్దు. ఇరవయ్యో తారీఖున ఆ సంచి ఇంజనీరు ముందర కుమ్మరిస్తాను. ఎందుకు బిగించలేదో కమిటీ ముందర, బుగ్గమ్మ ముందర చెబుతాను. తర్వాత నేను అతికించిన బండలు నేనే ఒక్కొక్కటి దించుతాను. లోపలి పాత గోడను వాళ్ల కండ్లతో చూడనీ. ఒక్క పగులు చూపించమను, కమానును నేనే కూలుస్తాను. కేసు పెడితే పెట్టుకోనీ. డెబ్బై నాలుగేళ్ల వాణ్ని, ఏం చేసుకుంటారు?

బండ ఒక కొస నేను పడతాను. రెండో కొసకు మనిషి కావాలి. కిరాయి మనిషిని పెట్టను. నిలబెట్టుమన్నవాడే దించాలి. వస్తావా, రావా? పదిహేడో తారీఖు లోపల నాకు అందేటట్టు నీ చేత్తో రాసి పంపు. ఫోను చేస్తే ఎత్తను.

కైలాసం