ఏమండీకి ఫోన్ చెయ్యి

సుజాతా,

నువ్వు పోయి నేటికి రెండేళ్ళు. పొద్దున నీ ఫోటోకి దండ వేసి కూర్చున్నాక చూస్తే నా ఫోన్ కనబడలేదు. మన మియాపూర్ ఫ్లాట్‌లో ఉన్నవే రెండు గదులు, రెండూ తిరగేశాను. నా కంగారు చూసి ఎదురింటి మల్లేశ్ వచ్చాడు.

"గింత పరేషాన్ ఎందుకు సార్? ఇంకో ఫోన్‌కెల్లి రింగ్ ఇయ్యుండ్రి, అదే మోగుతది."

ఇంకో ఫోన్ అంటే నీదే. గ్యాస్ బుక్ చేస్తే ఓటీపీ ఇప్పటికీ నీ నంబరుకే వస్తుంది. నంబరు మారుద్దామంటే ఆ మాయదారి యాప్ దానికీ నీ ఓటీపీయే అడుగుతుంది. అందుకని రీఛార్జ్ చేయిస్తూనే ఉన్నాను.

దాని స్క్రీన్ కింది సగం పనిచెయ్యదుగా, అంకెలు పడలేదు. నీలాగే మైకు నొక్కి నా పేరు చెప్పాను. ఆ పేరుతో ఎవరూ లేరంది. నెమ్మదిగా చెప్పాను, గట్టిగా చెప్పాను, ఇంటిపేరుతో సహా చెప్పాను. లేరంటే లేరంది.

అప్పుడు గుర్తొచ్చింది. నా నంబరు ఏ పేరుతో పెట్టుకున్నావో చూసి నేను నవ్వితే, "మీ పేరు ఫోనుకి మాత్రం ఎలా చెప్తానండీ?" అన్నావు.

మల్లేశ్ వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి, "ఏమండీకి ఫోన్ చెయ్యి" అన్నాను.

నీ ఫోటో వెనకే మోగింది. దండ వేస్తూ అక్కడ పెట్టి మరిచిపోయినట్టున్నాను. తీసి చూస్తే తెర మీద నీ పేరు. దొరికింది కదా, కట్ చెయ్యాలి. చెయ్యబుద్ధి కాలేదు. దానంతటది ఆగేదాకా పట్టుకుని నిలబడ్డాను.

నా ఫోన్‌లో ఇప్పుడు నీ మిస్డ్ కాల్ ఒకటి ఉంది.