గుప్పెడు బియ్యం గోడ

చోడవరం, ఆదివారం

అమ్మకి దండాలు. నీ ఫోను కలవలేదు, అందుకే కార్డు. నేను బాగానే ఉన్నాను. ఇల్లు లేనోళ్లకి చర్చివోళ్లు కట్టిస్తన్న ఇళ్లకి మేస్త్రీని నేనే. ఆడోళ్లు వండినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసిపెట్టి, ఆదివారం చర్చిలో పోస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బుల్తోనే సిమెంటు కొంటన్నారు. మొన్న నేను తూకంగుండు దారం యేలాడేసి నిలువు సూడకుండా గోడ లేపేసేను. ఒంకరొచ్చింది. సిగ్గిడిచి అందరికీ చెప్పేను. పాస్టరమ్మగారే ముందు గునపం పట్టేరు, అందరూ కలిసి పడగొట్టేరు. పాడైన సిమెంటు కోసమని ఇయ్యాల ఒక్కొక్కరూ గుప్పెడికి రెండు గుప్పెళ్ల లెక్కన తెచ్చేరు. నన్నెవరూ ఏటీ అనలేదు. తిట్టినా బాగుండును.

చెల్లి చిన్నమ్మికి దగ్గు తగ్గిందా, బడికెళ్తందా? మేక ఈనిందా? నాన్న తూకంగుండు ఓ సంచీలో పెట్టి బస్సులో పంపు. నువ్వూ ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు తీసిపెట్టి, ఆ సంచీలోనే వెయ్యి.

నీ కొడుకు
సన్యాసిరావు