సుద్ద గీత మీద తూలినందుకు

కార్మిక అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: హాజరు పుస్తకంలో నా పేరు పక్కన రాసిన ‘తాగి వచ్చాడు’ అను మాట కొట్టివేయించుట, రాసినవానికి తగిన శాస్తి చేయించుట గురించి.

1. నేను ఎత్తయిన భవనాలకు రంగులు వేయు పనివాడను. పద్దెనిమిదేళ్ళుగా తాళ్ళ మీద వేలాడుతున్నాను. ఒక్క చుక్క ముట్టలేదు.

2. మా మేస్త్రీ ప్రతి ఉదయం పైకి ఎక్కేవారిని కళ్ళు మూయించి సుద్ద గీత మీద నడిపించును. గత నెల జ్వరం తగ్గి పనికి వచ్చిన నాడు నేను నాలుగో అడుగుకే ఎడమకు తూలితిని. నలభై మంది ఎదుట అతడు నవ్వి, ఎర్ర సిరాతో పై మాట రాసి, నన్ను గెంటివేసెను. ఇప్పుడు నేల మీద పనికి కూడా ఎవరూ పిలవడం లేదు.

3. ఆసుపత్రిలో నన్ను పడుకోబెట్టి, కళ్ళకు కెమెరా గల నల్ల అద్దాలు కట్టి, చెవుల్లో వంతులవారీగా చన్నీళ్ళు, వేణ్ణీళ్ళు పోసిరి. చెవి లోపల బాగుంటే కళ్ళు వాటంతటవే కొట్టుకోవలెనట. కుడి చెవికి కొట్టుకున్నవి. ఎడమ చెవికి కదలలేదు. ఒంటిని నిలకడగా ఉంచే భాగం ఎడమవైపు దెబ్బతిన్నదని, కళ్ళు మూస్తే తూలక తప్పదని కాగితం ఇచ్చిరి (జతపరచడమైనది). కునుకు పట్టకుండా ఏవైనా పేర్లు చెబుతూ ఉండమని పరీక్ష చేసే అమ్మాయి అన్నది. మేస్త్రీకి నేను పెట్టిన పేర్లన్నీ చెప్పితిని. పరీక్ష అయిపోయింది గానీ పేర్లు ఇంకా మిగిలాయి.

4. కాగితం చూపగా మేస్త్రీ, “కళ్ళు తిప్పడం ఎవడికి రాదురా?” అన్నాడు. అయ్యా, అదీ సహించెదను. కానీ ఆనాటి నుండి నేను గడప దాటగానే నా భార్య ఏదో వంకతో దగ్గరికి వచ్చి నా నోరు వాసన చూస్తున్నది. నాకు తెలియదనుకుంటున్నది.

కావున ఆ ఎర్ర మాట అతని చేతనే కొట్టివేయించి, అతని చెవిలో చన్నీళ్ళు పోయించి, అదే గీత మీద కళ్ళు మూయించి నడిపించవలెను. ఆ నలభై మందినీ పిలిపించవలెను. అతడు తూలిన వెంటనే ఎర్ర సిరా పెన్ను నా చేతికి ఇప్పించవలెను. ఈ మాత్రం చిత్తగించవలెను, శాంతించమని సలహా మాత్రం ఇవ్వవద్దు.

తూలినా తాగని
తమ విధేయుడు,
రంగుల పనివాడు

మనవి: తల తిరిగి అక్షరాలు కళ్ళకు ఆనక ఆయన చెబుతుంటే ఈ అర్జీ రాసింది నేను, ఆయన భార్యను. నాలుగో అంశం వచ్చేదాకా ఆయనకు తెలుసని నాకు తెలియదు. ఆ మాట నా చేతనే రాయించారు. వాసన చూసింది నిజం. కనుక ముందు నా చెవిలో పోయించండి, గీత మీద నడుస్తాను. నాకు ఒక చెవి చాలు. మేస్త్రీకి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, రెండింటిలోనూ పోయించగలరు.