అగ్గువ విమానం దిగే చోటు

2006 ఆగస్టు 9, బుధవారం

ఆ ఊరి పేరు పేపర్లో ఉంది.

హోటల్లో బజ్జీలు కట్టడానికి పాత పేపర్లు చింపుతుంటే కంటపడింది. విమానం బొమ్మ. కింద ఊర్ల పేర్లు. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాను. నా మంజుల ఉన్న ఊరు. పిల్ల మట్టిలో ఉన్న ఊరు.

మిగతాది వంట చేసే రసూల్ చదివి చెప్పాడు. కొత్త కంపెనీ, తక్కువ పైసలకే అగ్గువ టికెట్, ఇకనుంచి ఈ ఊర్లకూ రోజూ విమానాలు. "ఏందెల్లమ్మా, బోళ్లు తోముడు ఇడ్సిపెట్టి ఇమానం ఎక్కుతవా?" అని నవ్వాడు. అతనికి తెలియదు.

ఆ కాగితం చింపలేదు. రవికెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఆగస్టు 10

పోయిన ఏడు ఆ ఊళ్లోనే విమానాలు దిగే బాటకు మట్టి మోశాం. అప్పటికే ఒకటీ అరా దిగుతుండేవి. నేను, మంజుల నాయన, మంజుల. గద్వాల హాస్టల్లో చదువుకుంటున్న పిల్ల. ఇంకో మనిషి తోడుంటే పని సాగుతుందని నేనే మాన్పించి తీసుకుపోయాను. నేనే.

జ్వరం. నాలుగు రోజులు. అంతే.

బాట చివర తుమ్మ చెట్టు పక్కన పూడ్చాం.

ఆగస్టు 12

అప్పుడు, పూడ్చిన మూడో రోజు పిట్టకు బువ్వ పెట్టాం. కాకి ముట్టలేదు. పొద్దంతా కూర్చున్నాం. మంజుల నాయన తువ్వాల చేతుల్లో పరచుకుని ఖాళీ మైదానానికి మొక్కుతూనే ఉన్నాడు... "పట్టగొలుసులు తెస్త బిడ్డా... ఎర్ర లంగ తెస్త బిడ్డా..." ఒక్క పిట్ట రాలేదు. చివరికి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. బడి మాన్పిచ్చింది నువ్వు." చెప్పాను. "బడికి పంపుత, రావే." రాలేదు.

దూరంగా టపాకాయలు పేలుతున్నాయి. ఎవరిదో పెళ్లి అనుకున్నాను.

అప్పటి నుంచి ఆయన నేను వండింది తింటాడు, నా మొహం చూడడు.

ఆగస్టు 13

బోళ్లు. వాన. ఏమీ లేదు.

ఆగస్టు 17

పోయిన ఏడు మమ్మల్ని పనికి తీసుకుపోయిన గుంపు మేస్త్రి కిష్టప్ప హోటల్‌కి వచ్చాడు. పనికి మనుషులను జమ చేస్తున్నాడు. ఏ ఊరికో అడగకముందే తెలిసింది.

"ఇమానాలు పెరిగినయ్ ఎల్లమ్మక్కా. బాట పొడుగు జేస్తరంట."

"ఏ దిక్కు?"

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తుమ్మ చెట్టు దిక్కే. కొత్త గోడ గట్టిండ్రు. పిల్ల ఉన్న జాగ గోడ లోపటికొచ్చింది. మట్టి వోస్తరు, రోలర్ తిప్పుతరు... ఏం జేద్దామక్కా."

"ఒక్కసారి బువ్వ పెట్టొస్తనన్నా. ఒక్క కాకి ముడితే చాలు."

అప్పుడన్నాడు. ఎంత మామూలుగా అన్నాడు! "కాకి యాడికెళ్లొస్తదక్కా? ఇమానం దిగే జాగల పిట్టల్ని ఎల్లగొట్టేటోళ్లుంటరు. టపాకాయలు గాలుస్తరు. ఇంజన్ల పిట్ట వడ్డదనుకో, అందరు ఆగమే."

టపాకాయలు.

ఆగస్టు 18

పెళ్లి కాదు.

ఆగస్టు 19

అంటే నా పిల్ల రానని అనలేదేమో. వచ్చిందేమో. ఆకలితో వచ్చి, చప్పుడుకు బెదిరి తిరిగిపోయిందేమో. టపాకాయంటే చిన్నప్పటి నుంచీ భయం, నా కొంగులో దూరేది. ఏడాదిగా నా మీద కోపమనుకున్నాను. ఇది విన్నాక పాణం కుదుటపడాలి కదా. పడలేదు. కోపమే బాగుండేది. కోపంలో ఉన్న పిల్లకు ఆకలి గుర్తుండదు.

లేక నిజంగా కోపమేనా... ఎట్లా తెలుస్తుంది నాకు?

ఆగస్టు 20

మంజుల నాయనకు చెప్పాను. బీడీ వెలిగించకుండా చేతిలోనే నలిపేశాడు. "నేను రాను. ఆ మన్ను తొక్క."

ఆగస్టు 24

కిష్టప్పను మళ్లీ అడిగాను. "టికెట్ గొనుక్కుని పోతే?" నవ్వబోయి ఆపుకున్నాడు. "టికెట్టోళ్లు లోపట కుర్సీలల్ల కూసుంటరక్కా. మట్టి దిక్కు రానియ్యరు. పనోళ్లకే గా గేటు."

పనికి పోతేనే నా పిల్ల దగ్గరికి. మీద మట్టి పోసేదాన్నయితేనే.

ఆగస్టు 28

పేరు రాయించుకున్నాను. వేలిముద్రకని కిష్టప్ప సిరా డబ్బా తీశాడు. వద్దని సంతకం చేశాను. మంజుల నేర్పిన సంతకం. గుడిసె రేకు మీద బొగ్గుతో రాయించేది, ఒత్తు మరిస్తే నెత్తిన మొట్టేది. ఇవాళ రెండు ఒత్తులూ పెట్టాను. ఈ అక్షరాలు, ఈ నోటుబుక్కు కూడా దానివే. సగం పేజీలు దాని లెక్కలు.

ఇంట్లో ఆయన... "బిడ్డ మీద మన్ను వోస్తవానే?"

"ఎవరో వోసేకాడికి నేనే వోస్త. మెల్లగ వోస్త."

ఏడ్చాడు. ఏడాదికి నా మొహం చూశాడు.

సెప్టెంబర్ 6

కొత్తకోట బస్టాండు దాకా వచ్చాడు. నా సంచిలో ఏదో పెట్టి వెనక్కి చూడకుండా పోయాడు. పట్టగొలుసులు. ఎప్పుడు కొన్నాడో.

విమానంలో గంటన్నరేనట. మాకు రెండు రోజులు.

సెప్టెంబర్ 9

తుమ్మ చెట్టు లేదు. కొట్టేశారు. మొద్దు మిగిలింది. మొద్దు నుంచి ఏడడుగులు. అప్పుడు కొలిచి పెట్టుకున్నాను. మళ్లీ కొలిచాను. దాని మీదుగా సున్నం గీత గీశారు.

సెప్టెంబర్ 15

మట్టి రోజూ దగ్గరికొస్తోంది. నా తట్ట దూరంగా ఆ కొసన పోస్తున్నాను. సూపర్‌వైజర్ కేకలు. కిష్టప్ప చూసీ చూడనట్టు ఉంటున్నాడు.

సెప్టెంబర్ 21

రేపు పెత్రమాస. అందరూ పోయినవాళ్లకు పెట్టుకునే రోజు. ఎల్లుండి రోలర్ ఇక్కడికొస్తుందట.

పిట్టలను తోలే ముసలాయనను పట్టుకున్నాను. మా మాట రాదు. చేతులతో చెప్పాను... ఇంత పిల్ల, మన్ను, బువ్వ, కాకి. రేపు కాల్చకు. ఏమర్థమైందో. ఆకాశం వైపు చూపించాడు. రెండు అరచేతులు టప్పున కొట్టాడు. కళ్లు మూశాడు.

నాకర్థమైంది. పిట్ట తగిలితే విమానంలో ఉన్నోళ్లంతా పోతారు.

సెప్టెంబర్ 22, పెత్రమాస

అందరూ బువ్వకు పోయారు. ఆకులో అన్నం, పప్పు, బెల్లం ముక్క పెట్టాను. పక్కన పట్టగొలుసులు. ఊరికే కూర్చుంటే చేతులు ఆగడం లేదు, అందుకే రాస్తున్నా.

ముసలాయన అక్కడే నిలబడ్డాడు. ఒక చేతిలో టపాకాయ, ఒక చేతిలో అగ్గిపెట్టె. ఇందాకటి నుంచి ఒక్కటీ కాల్చలేదు.

ఏమీ రావడం లేదు.

నాదే తప్పు. నేనే మాన్పించాను. నిన్ను అడగనైనా లేదు. రావే.

గోడ మీద వాలింది. ఒక్కటే. మెడ వంచి చూస్తోంది.

చప్పుడు... విమానం. ఇంకా చుక్కంతే ఉంది. అందులో ఎవరి పిల్లలున్నారో.

కాకి కిందికి దిగింది. నాలుగడుగుల దూరం.

ముసలాయన పైకి చూశాడు. నన్ను చూస్తున్నాడు. నేను చెయ్యి ఎత్తితే చాలు, ఆగు అన్నా, కాల్చు అన్నా ఆయనకు తెలుస్తుంది. అగ్గిపెట్టె తెరిచాడు. నా వైపే చూస్తున్నాడు ఇంకా...