పక్క కుర్చీ

ఆదివారం రాత్రి, జురాంగ్ ఈస్ట్‌లోని మా ఇల్లు

హనోయి నుంచి సాయంత్రమే తిరిగొచ్చాం. అక్కడి కాఫీ కొట్లన్నీ తిరగాలని మా ఆవిడ సుజాత అంటుండేది. ఆమె పోయాక ఇప్పుడు అమ్మాయి నన్ను బయల్దేరదీసింది.

ఒక పాత ఇంటి మేడమీద గుడ్డు నురగ వేసిన కాఫీ ఇస్తారు. కూర్చోగానే పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్టు పెట్టాను. ఇక్కడి హాకర్ సెంటర్లో, తిండి కొట్ల దగ్గర, సుజాతకి సీటు అలాగే ఆపేవాణ్ణి. అక్కడివాళ్ళకి ఆ అలవాటు తెలియదు. ఒకావిడ ప్యాకెట్టు నా చేతికిచ్చి కూర్చోబోయింది.

“మా ఆవిడ వస్తుందండీ,” అన్నాను, తెలుగులోనే.

“నో వన్ కమింగ్ లా, డాడీ,” అంది అమ్మాయి మెల్లగా.

తర్వాతి కొట్టు రైలు పట్టాల పక్కన. ప్యాకెట్టు జేబులోంచి తీయలేదు. అమ్మాయే తన బ్యాగు పక్క కుర్చీలో పెట్టింది. ఒకాయన చోటడిగితే లేదని తల ఊపింది.

రేపు నాకు వన్-నార్త్ ఆఫీసులో కొత్త ప్రాజెక్టు. తను హాస్టల్‌కి వెళ్ళిపోతుంది. ఆ కుర్చీ సంగతి ఇద్దరం ఎత్తలేదు.